బోడిబండ మీద సహస్రాబ్ది భవనం

ఒక పెద్ద అడవిలో, దేవుడిచ్చిన నీడ కావలసినంత ఉండగా, నీడ కోసం భవనం కట్టించుకున్న విశ్వవిద్యాలయం ఒకటి ఉండేది. ఆ భవనం సంగతి చెప్పేముందు ఆ విశ్వవిద్యాలయం ఎలా పుట్టిందో చెప్పాలి. పునాది వేసినవాళ్ళని తలుచుకోకుండా గోడల గురించి మాట్లాడితే కళ్ళు పోతాయి.

ఒక వేసవిలో ఆ అడవి అంటుకుంది. పెద్ద జంతువులన్నీ ఎటు తోస్తే అటు పరిగెత్తాయి. పిల్లలు వెనకబడిపోయారు. అప్పుడు ఒక దుప్పి అవ్వ, దొరికిన పిల్లనల్లా మూతితో నెట్టుకుంటూ తీసుకెళ్ళి అడవి మధ్యనున్న నల్లబండ మీదకి ఎక్కించింది. తన పిల్ల, పరాయి పిల్ల అని చూడలేదు. కుందేలు పిల్లల పక్కనే తోడేలు పిల్లలూ నిలబడ్డాయి. బండ మీద గడ్డిపరక లేదు, ఎండుటాకు లేదు. మంట నాలుగు వైపులా నాలుక చాపి చూసి, తినడానికి ఏమీ దొరక్క వెనక్కి పోయింది. అవ్వ చెవి ఒకటి కాలింది. పిల్లలందరూ బతికారు.

చెవి మానగానే అవ్వ ఆ బండ మీదే పాఠం మొదలుపెట్టింది. పొగ వాసన ఎలా పట్టాలి, గాలి ఎటు తిరుగుతోందో ఎలా తెలుసుకోవాలి, ఆపద వస్తే ఎంత గట్టిగా కేక పెట్టాలి, అవీ పాఠాలు. పొద్దున్నే పాఠానికి ముందు పిల్లలందరూ బండ మీద రాలిన ఆకులన్నీ ఏరి కింద పారెయ్యాలి. అక్కడ ప్రార్థన అంటే అదే.

"ఈ బండ బోడిగా ఉన్నంతకాలం మీకు భయం లేదర్రా" అనేది అవ్వ. అందుకే దానికి బోడిబండ అని పేరు వచ్చింది.

పిల్లల తల్లులు ఇంటికింత గడ్డి తెచ్చి అవ్వని సాకారు. అలా అందరి నోటి దగ్గర కూడుతో పుట్టింది కనక దాన్ని ప్రజల విశ్వవిద్యాలయం అన్నారు. తరవాత్తరవాత ఆ మాటలో ప్రజలు అరిగిపోయి విశ్వవిద్యాలయం మిగిలింది.

అవ్వ కాలం చేసింది. విశ్వవిద్యాలయం పెరిగింది. పరుగు శాఖ వచ్చింది, చెట్టెక్కే శాఖ వచ్చింది, చరిత్ర శాఖ వచ్చింది. వీటన్నిటినీ చూసుకోవడానికి పాలనా విభాగం వచ్చింది. పాలనా విభాగాన్ని చూసుకోవడానికి పాఠాలు చెప్పేవాళ్ళని ఒక్కొక్కరినే లోపలికి తీసుకున్నారు. చివరికి బండ మీద పాఠం చెప్పడానికి అవ్వ మనవరాలు చుక్కమ్మ ఒక్కతే మిగిలింది.

ఆవరణ మాత్రం చూడముచ్చటగా ఉండేది. వచ్చిన ప్రతి ఉపకులపతీ ఏదో ఒక భవనానికి శంకుస్థాపన చేసి, పూలు చల్లించుకుని వెళ్ళాడు. గ్రంథాలయానికి ఒక రాయి, వసతి గృహానికి ఒక రాయి, ఆటస్థలానికి ఒక రాయి. రాళ్ళకేం కొదవ లేదు. వాటి పక్కన గోడలు లేచేలోగా ఉపకులపతి మారేవాడు. మధ్యాహ్నం పూట కుందేలు పిల్లలు గ్రంథాలయం మీద కూర్చుని దుంపలు తినేవి.

అలాంటి రోజుల్లో ఎలుగుబంటి గంభీరయ్య ఉపకులపతి అయ్యాడు. ఆయన ముక్కు అడవిలోకెల్లా గొప్ప ముక్కు. కానీ పొద్దున లేచింది మొదలు అది తేనెపట్టులోనే ఉండేది కనక ఇంకో వాసన తగిలేది కాదు.

ఒకనాడు ఆయన రిజిస్ట్రారుని పిలిపించాడు. రిజిస్ట్రారు ఉడుము. పేరు పట్టాభి. ఆయన చేతికి చిక్కిన కాగితం మళ్ళీ బయటి గాలి పీల్చుకోదు.

"పట్టాభీ, ఏటి అవతలి అడవి వాళ్ళకి మహాప్రాచీన విద్యాపీఠం అని బిరుదిచ్చారటగా?"

"ఇచ్చారండి. ఆ ఉపకులపతి అడవిదున్న గారు ఇప్పుడు మన నమస్కారానికి బదులు కూడా చెప్పడం లేదండి."

"మనకేం తక్కువయ్యా?"

"భవనం తక్కువండి. తనిఖీకి వచ్చే ఏనుగు గారు కాలు పెడుతూనే మీ ప్రాచీన భవనం ఎక్కడ అని అడుగుతారట. మనం బండ చూపించాలి. బండంటే బండే కదండి."

గంభీరయ్య తేనె నాకడం ఆపాడు. అంత దిగులు ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

పక్కనే కొమ్మ మీద కూర్చున్న చరిత్ర శాఖాధిపతి కొండముచ్చు లాంగూలాచార్యులు గొంతు సవరించుకున్నాడు. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి దూకడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. చరిత్ర కూడా ఆయన అలాగే రాసేవాడు.

"దీనికింత విచారం దేనికి? ప్రాచీన భవనం ఒకటి కట్టిద్దాం."

"ఇవాళ కడితే ప్రాచీనం ఎలా అవుతుందయ్యా?" అన్నాడు గంభీరయ్య.

"కట్టించడం తమ వంతు. ప్రాచీనం చెయ్యడం నా వంతు. వెయ్యేళ్ళు చాలునా?"

"వెయ్యేళ్ళా! స్థాపించిన అవ్వ మనవరాలు ఇంకా బండ మీద పాఠం చెబుతోందండి" అన్నాడు పట్టాభి.

"ఆ వంశంలో ఆయుర్దాయం ఎక్కువ అని రాస్తాను" అన్నాడు లాంగూలాచార్యులు.

అలా సహస్రాబ్ది భవనం ఆమోదం పొందింది. ఎక్కడ కట్టాలి అనే దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు. అడవిలో అంత చదునైన, చెట్టూ చేమా లేని, నలుగురికీ కనపడే చోటు బోడిబండ ఒక్కటే.

చుక్కమ్మ మెత్తని మనిషి. మనిషని అలవాటు కొద్దీ అన్నాను, దుప్పే. పాఠంలో తప్ప గొంతెత్తి ఎరగదు. ముగ్గురు పెద్దలూ కట్టకట్టుకుని బండ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పిల్లలతో ఆకులు ఏరిస్తోంది.

"చుక్కమ్మగారూ, శుభవార్త" అన్నాడు గంభీరయ్య. "ఈ బండ మీద భవనం కడుతున్నాం. గడ్డితో నేసిన గోడలు, తాటాకు కప్పు, లోపల వేదిక. ఇక మీరు ఎండలో నిలబడక్కర్లేదు."

చుక్కమ్మ మెల్లిగా అంది. "ఎండ నాకేం బాధ కాదండి. బండ బోడిగా ఉండాలని మా అవ్వ మాట. ఇక్కడ గడ్డి వద్దండి. మళ్ళీ ఎప్పుడైనా అడవి అంటుకుంటే పిల్లల్ని తెచ్చి నిలబెట్టుకోవడానికి ఇదొక్కటే చోటు."

"అడవి ఎందుకు అంటుకుంటుందమ్మా? అపశకునపు మాటలు" అన్నాడు పట్టాభి.

లాంగూలాచార్యులు ఒక ఎండుటాకు అందుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. "అమ్మా, మీది ఇంట్లో చెప్పుకునే కథ. నాది పరిశోధన. మీ అవ్వగారికి ఆకులంటే ప్రాణం. కాకపోతే రోజూ పిల్లల చేత ఎందుకు ఏరిస్తారు?"

"ఏరించి పారేయించేదండి."

"పారెయ్యడం తరవాతి కాలంలో వచ్చిన వక్రీకరణ. అసలు సంప్రదాయం సేకరణే. అందుకని భవనం నిండా ఆకుల తోరణాలు కట్టిస్తున్నాం."

పిల్లల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. చుక్కమ్మ నోరు తెరవబోయింది. అప్పుడు గంభీరయ్య అసలు మాట వేశాడు.

"భవనానికి మీ అవ్వగారి పేరు పెడుతున్నామమ్మా. వడ్రంగిపిట్ట చేత మద్దిచెక్క మీద చెక్కిస్తాం. గుమ్మం పైన, అందరికీ కనపడేలా."

చుక్కమ్మ తెరిచిన నోరు మూసుకుంది.

అవ్వ పేరు అంతవరకు ఆ అడవిలో ఎక్కడా లేదు. శంకుస్థాపన రాళ్ళ మీద ఎవరెవరి పేర్లో ఉన్నాయి. అవ్వ చెవి కాలిన కథ అమ్మ చెప్పగా తను విన్నది, తను తన పిల్లలకి చెప్పింది. తన తరవాత ఎవరు చెబుతారోనని బెంగ. చెక్క మీద ఉంటే ఉండిపోతుంది కదా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచి బండ సరిగ్గా కనపడలేదు.

"మీ ఇష్టమండి" అంది.

అసలు తప్పు అక్కడే జరిగిపోయింది. మిగిలింది కట్టడమే.

పని గిజిగాడు మేస్త్రి పుల్లయ్యకి అప్పగించారు. గడ్డి అల్లడంలో గిజిగాళ్ళని మించినవాళ్ళు లేరు. కానీ వాళ్ళ కులాచారం ఒకటుంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతాడు. ఆడపిట్ట వచ్చి, ఊగి చూసి, పొడిచి చూసి, బాగుందంటేనే మిగతా సగం. బాగాలేదంటే ఆ సగాన్ని అలాగే వదిలేసి ఇంకోచోట మొదలుపెడతాడు. తాతల నాటి నుంచీ అంతే.

పుల్లయ్య తన బలగంతో తూర్పు గోడ అల్లాడు, దక్షిణం అల్లాడు, పడమర అల్లాడు. కప్పు వేశాడు. ఉత్తరం వైపు మొదలుపెట్టబోతూ ఆగి భార్య సీతాలుని పిలిచాడు.

సీతాలు వచ్చి లోపల ఒక చుట్టు తిరిగింది. గోడ మీద వాలి ఊగింది. ముక్కుతో ఒక పరక లాగింది.

"ఏమయ్యా, ఇందులో పిల్లల్ని పెడతారా?"

"విశ్వవిద్యాలయం కదే. పిల్లలు కాక ఇంకెవరుంటారు?"

"నేనైతే గుడ్డు కూడా పెట్టను" అని ఎగిరిపోయింది.

అంతే. పుల్లయ్య గడ్డి కింద పడేశాడు. పట్టాభి వచ్చి అరిచాడు.

"ఉత్తరపు గోడ ఏదయ్యా?"

"మా ఆవిడ ఒప్పుకోలేదండయ్యా."

"మీ ఆవిడ ఒప్పుకోవడమేమిటి? ఉపకులపతి గారు ఒప్పుకున్నారు!"

"వారు బాగా ఊగి చూడలేదు కదండి" అన్నాడు పుల్లయ్య వినయంగా. బతిమాలినా బెదిరించినా ఉత్తరం వైపు ఒక్క పరక వెయ్యలేదు. తనిఖీ దగ్గర పడింది. వేరే మేస్త్రిని వెతికే వ్యవధి లేదు. లాంగూలాచార్యులు ఎప్పటిలాగే ఆదుకున్నాడు. "ఉత్తరపు గోడ వెయ్యేళ్ళనాటి గాలివానలో కొట్టుకుపోయిందని రాస్తాను. ఇంకా ప్రాచీనంగా ఉంటుంది."

గుమ్మం మీద చెక్క మాత్రం పెట్టారు. గంభీరయ్య సహస్రాబ్ది భవనం అని పెద్ద అక్షరాలు. కింద ఇంకేదో కూడా ఉంది గాని ఆకుల తోరణం అడ్డుపడి కనిపించడం లేదు. చుక్కమ్మ తోరణం పక్కకి జరిపి చూసింది. అవ్వ పేరే. చీమ తల కంటే కొంచెం పెద్ద అక్షరాల్లో.

"చోటు సరిపోలేదమ్మా" అన్నాడు పట్టాభి.

ప్రారంభోత్సవం నాటికి భవనం వాకిలి నుంచి వేదిక దాకా ఎండుటాకులే. బండ మీద ఆకు ఏరి పారెయ్యడం నిషేధం అయింది, సంప్రదాయాన్ని భంగపరచినట్టవుతుందట. గట్టిగా మాట్లాడడమూ నిషేధం అయింది, భవనం గౌరవానికి లోపమట. దాంతో చుక్కమ్మ పిల్లలకి కేక పెట్టే పాఠం గుసగుసగా చెప్పవలసి వచ్చింది.

తనిఖీ అధ్యక్షుడు ఏనుగు గారు వేంచేశారు. పెద్దవయసు. చూపు బాగా మందగించింది. ఆయనకి గుమ్మం చాలలేదు. ఎలాగో ఇరికించుకుని లోపలికి వచ్చి, గుమ్మానికి అడ్డంగానే ఆసనం వేయించుకుని కూర్చున్నారు. ముందు వరసలో పెద్దలు. వెనక తల్లిదండ్రులు. పిల్లలు అందరికంటే వెనక, గోడ లేని ఉత్తరం వైపు.

మానవుల సభల్లో ముందుగా జ్యోతి వెలిగిస్తారని కాకి ఎక్కడో చూసి వచ్చి చెప్పింది. దాంతో మనకీ జ్యోతి లేకపోతే ఎలా అని గంభీరయ్య పట్టుబట్టాడు. దీపానికి చిప్ప దొరికింది, పాపం ఏ తాబేలుదో. ఇప్పనూనె పోశారు. బూరుగుదూది వత్తి వేశారు. అడవి అంచున మేకలు కాసుకునేవాడు పారేసిన, ఇంకా నిప్పు ఆరని బీడీ ముక్క కాకి ముక్కున పట్టుకొచ్చింది.

దేవుడి ముందు దీపం పెట్టడం మంచిదే. ఆయన చూస్తూ ఉంటాడు కనక మనం కూడా కాస్త చూసుకుని పెడతాం. ఇక్కడ అందరూ ఏనుగు గారి వంకే చూస్తున్నారు.

ఆయన తొండంతో పుల్ల పట్టుకుని వత్తి అంటించారు. ఉత్తరం నుంచి గాలి వచ్చి ఆరిపోయింది. మళ్ళీ అంటించారు. మళ్ళీ ఆరిపోయింది. ఇంకోసారి అంటించబోతే తుమ్ము వచ్చింది. అది ఆయన సొంత గాలి.

"ఆ గోడ లేని వైపు ఏదైనా అడ్డం పెట్టండయ్యా!" అన్నాడు గంభీరయ్య.

పట్టాభి తెలివి అప్పుడు పనిచేసింది. "పిల్లలున్నారు కదండి. ఒరేయ్, అందరూ లేచి భుజాలు కలిపి గోడలా నిలబడండి. ఎవరూ కదలకూడదు. కదిలితే పట్టా ఇవ్వను."

పిల్లలు గోడ అయ్యారు. కుందేళ్ళు, దుప్పి పిల్లలు, నక్క పిల్లలు, వాటి మీద ఉడతలు. గాలి ఆగింది. జ్యోతి వెలిగింది. సభ చప్పట్లు కొట్టింది.

ఆ తరవాత ఉపన్యాసాలు. గంభీరయ్య తన దూరదృష్టి గురించి తనే చెప్పుకున్నాడు. వేరే ఎవరైనా చెబితే బాగుండదని ఆయన ఉద్దేశం. ఏనుగు గారు భవనం ప్రాచీనతని మెచ్చుకుంటూ మధ్యలో రెండుసార్లు కునికారు. చివరికి లాంగూలాచార్యులు వందన సమర్పణకి లేచాడు.

"ముందుగా ముఖ్య అతిథి గారికి, వారి తొండానికి, వారి దంతాలకి..."

వేదిక పక్కన తోరణంలోంచి ఒక ఎండుటాకు రాలి దీపం మీద పడింది. చిన్నగా వెలిగింది. దాని మీంచి తోరణం అందుకుంది.

గంభీరయ్య ముక్కు ఎగబీల్చాడు. ఆ రోజు సభ కోసం తేనె మానేసి వచ్చాడు పాపం. "ఏదో వాసన వస్తోందయ్యా పట్టాభీ."

"జ్యోతి వాసనండి. శుభం."

"...ప్రాచీన భవనాన్ని ఇంత తక్కువ కాలంలో నిర్మించిన ఉపకులపతి గారికి, వారికి తేనె సరఫరా చేసిన తేనెటీగలకి..."

చుక్కమ్మ చూసింది. మంట తోరణం వెంబడి కప్పు దాకా పాకింది. పిల్లలు కూడా చూశారు. వాళ్ళ ముక్కులు ఎప్పుడో పట్టేశాయి. కానీ కదలకూడదన్నారు. భుజాలు కలుపుకుని, తోకలు వణుకుతూ, టీచరమ్మ వంక చూస్తున్నారు. ఆవిడ లేచి పట్టాభి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, కప్పు అంటుకుంది. పిల్లల్ని పంపించెయ్యండి."

"ష్! వందన సమర్పణ జరుగుతోంది."

"మంటండీ!"

"వందన సమర్పణ కాకుండా లేస్తే ముఖ్య అతిథికి అవమానం. కూర్చోండమ్మా. ఇంకా వంటవాళ్ళు, అలంకరణ వాళ్ళు ఉన్నారు, అంతే. అయిపోవచ్చింది."

చుక్కమ్మ పైకి చూసింది. అడవి మొత్తం మీద నిప్పుకి అందని చోటు ఇదొక్కటి. దాని మీద తన అంగీకారంతోనే గడ్డి కట్టారు. తోరణాల్లో ఆకులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, పిల్లల మీద రాలడానికి సిద్ధంగా.

అప్పుడు ఆవిడ కేక పెట్టింది.

గొంతులోంచి కాదు, ఎక్కడో పూర్వీకుల కడుపులోంచి వచ్చినట్టుంది ఆ కేక. ఏనుగు గారు ఉలిక్కిపడి లేచారు. లాంగూలాచార్యులు వంటవాళ్ళ దగ్గర ఆగిపోయాడు. పిల్లలకి ఆ కేక తెలుసు. గుసగుసగా నేర్చుకున్నా పాఠం పాఠమే. పిల్లల గోడ ఒక్క క్షణంలో విడిపోయింది. పెద్దవి చిన్నవాటిని మూతులతో నెట్టుకుంటూ ఉత్తరం వైపునుంచి కిందికి దూకి బండ పక్కనున్న సన్నటి వాగు ఇసకలోకి పరిగెత్తాయి. తల్లిదండ్రులు వాళ్ళ వెనకే.

గుమ్మంలోంచి ఎవరూ పోలేకపోయారు. అందులో ఏనుగు గారు ఇరుక్కున్నారు. ముందు వరస పెద్దలందరూ సభ దాటుకుని ఉత్తరం వైపే రావలసి వచ్చింది. పూలదండలు కూడా తియ్యకుండా వచ్చారు. గంభీరయ్య వీపు మీద బొచ్చు కాలింది. లాంగూలాచార్యుల తోక చివర కుచ్చు పోయింది. ఏనుగు గారు వెనక్కి ఒక్క తోపు తోసేసరికి గుమ్మం ఆయనతోపాటే బయటికి వచ్చేసింది. చెక్క మాత్రం లోపల పడి కాలిపోయింది.

ప్రాణనష్టం లేదు. ఆ తల్లి దయ.

పొద్దు వాలేలోగా భవనం బూడిదైంది. నాలుగు మూలల గుంజలు మాత్రం మసిబారి నిలబడ్డాయి.

విచారణ సంఘం వేశారు. కారణం ఎవరో తేల్చడానికి గంభీరయ్య గంభీరయ్యనే అధ్యక్షుడిగా నియమించాడు. పట్టాభి, లాంగూలాచార్యులు సభ్యులు. ముందు పుల్లయ్యని పిలిచారు.

"ఉత్తరపు గోడ ఎందుకు కట్టలేదు?"

"మా ఆవిడ ఒప్పుకోలేదండి."

"గోడ కట్టి ఉంటే గాలి వచ్చేది కాదు. గాలి రాకపోతే జ్యోతి ఆరేది కాదు. ఆరకపోతే సభ ఆలస్యమయ్యేది కాదు. సభ త్వరగా అయితే ఆకు రాలే లోపల అందరం భోజనాలకి పోయేవాళ్ళం. అంతా నీ వల్లే."

"ఆ కట్టని గోడలోంచే కదండి తమరు కూడా బయటపడ్డారు?"

"అది విచారణ పరిధిలో లేదు" అన్నాడు పట్టాభి.

పుల్లయ్యని ఇక ఆ ఆవరణలో పని చెయ్యకూడదన్నారు. సీతాలు అప్పటికే వేరే చెట్టు చూసి పెట్టింది.

తరవాత చుక్కమ్మని పిలిచారు.

"మీరు కేక పెట్టిన సమయానికి వందన సమర్పణ పూర్తయిందా?" అన్నాడు లాంగూలాచార్యులు. ఆయనకి ఆ నొప్పి తోక నొప్పి కంటే ఎక్కువగా ఉంది.

"లేదండి. వంటవాళ్ళ దగ్గర ఉన్నారు."

"అంటే అలంకరణ వాళ్ళకి ధన్యవాదాలు అందలేదు."

"అరవకపోతే పిల్లలు కాలిపోయేవాళ్ళండి."

"అది మీ ఊహ. సభాభంగం వాస్తవం."

"భవనంలో గట్టిగా మాట్లాడకూడదని ఉత్తర్వు ఉందా లేదా?" అన్నాడు పట్టాభి.

"ఉందండి."

"మీరు మాట్లాడారా లేదా?"

చుక్కమ్మ తల వంచుకుంది. "తప్పు నాదీ ఉందండి" అంది. ముగ్గురూ సంతోషంగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కేక పెట్టినందుకు కాదండి. భవనం కడతామన్న రోజున పెట్టనందుకు."

ఆ రెండో మాట నమోదు చెయ్యలేదు. మొదటిది చేశారు. చుక్కమ్మని పాఠం చెప్పడం నుంచి తప్పించారు. సభ మధ్యలో లేచిపోయిన పిల్లలందరికీ క్రమశిక్షణలో సున్నా వేశారు.

ఇక అయిపోయాయనుకున్నారు గంభీరయ్య బిరుదు ఆశలు. అలా జరగలేదు.

ఏనుగు గారు పోయేముందు కాలిన చోటు చూస్తామన్నారు. మసకచూపుతో నల్లటి గుంజల చుట్టూ తిరిగారు. తొండంతో తడిమారు. బొగ్గు రాలింది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఆహా! శిథిలాలు! ఇంత ప్రాచీనమైన శిథిలాలు ఏటి అవతల కూడా లేవు. మొన్న నన్ను కూర్చోబెట్టిన ఆ గడ్డి భవనం ఎందుకయ్యా, ఇవి చూపిస్తే సరిపోయేది కదా!"

"తమరి రాక కోసం దాచి ఉంచామండి" అన్నాడు లాంగూలాచార్యులు. అంతదాకా ఏడుస్తున్నవాడు ఆ మాట ఎలా అనగలిగాడో ఆ భగవంతుడికే తెలియాలి.

మహాప్రాచీన విద్యాపీఠం బిరుదు వచ్చింది. అడవిదున్న గారు ఏరు దాటి వచ్చి నమస్కారం పెట్టి వెళ్ళాడు. గంభీరయ్యకి ఉపకులపతి పదవి పొడిగించారు.

బిరుదుతోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. శిథిలాలని ఎవరూ ముట్టుకోకూడదు. దాంతో బండ చుట్టూ రేగుకంప కంచె వేశారు, కుందేలు కూడా దూరకుండా. వానలు పోయి, చలి పోయి, మోదుగు పూసే రోజులు వచ్చాయి. చుట్టూ చెట్లు ఆకు రాల్చాయి. ఏరేవాళ్ళు లేక బండ నల్లదనం కనపడకుండా పోయింది. మోకాలి లోతు ఎండుటాకులు.

ఉద్యోగం పోయినా చుక్కమ్మ ఒకనాడు పిల్లలని వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. పట్టాభి ఎదురు వచ్చాడు.

"ఏమమ్మా మళ్ళీ?"

"పాఠానికి కాదండి. ఆ ఆకులు తీసేసి పోతాం. ఒక్క పూట కంచె తియ్యండి."

"ఆకులు శిథిలాల మీద పడ్డాయి కనక అవి కూడా శిథిలాలే. తియ్యడానికి వీల్లేదు."

చుక్కమ్మ గాలి ఎటు వీస్తోందో చూసింది. పొడిగాలి. పడమర నుంచి.

"వేసవి వచ్చేసిందండి. అడవి అంటుకుంటే ఈ పిల్లలు ఎక్కడ నిలబడాలి?"

పట్టాభి మొహం వికసించింది. "ఆ సంగతి మేం మరిచిపోయామనుకున్నారా? అగ్నిప్రమాద రక్షణ భవనం మంజూరైంది. ఇవాళ సాయంత్రమే శంకుస్థాపన. మీరూ రండి. పిల్లల్ని మాత్రం తేకండి, వందన సమర్పణ దాకా కూర్చోరు."

చుక్కమ్మ కంచెలోంచి బండ వైపు ఒకసారి దణ్ణం పెట్టుకుంది. తరవాత పిల్లలని లెక్క చూసుకుని, చిన్నవాళ్ళని ముందు నడిపిస్తూ, ఇంకో బోడి బండ ఎక్కడైనా ఉందేమో చూడడానికి కొండ వైపు బయల్దేరింది. వెనక శంకుస్థాపనకి డప్పులు మొదలయ్యాయి.

కథ అన్నాక నీతి చెప్పమంటారు కనక చెబుతున్నాను: ప్రాణం కాపాడిన చోటుని గౌరవించడం చాలా తేలిక, ఇంకెవరి ప్రాణమూ అక్కడ దక్కకుండా చూసుకుంటే చాలు.